అప్‌డేట్: లారీ కంపెనీ డ్రైవర్ శిక్షణలో చేరలేదు

అనంతపురంలో ఒక లారీ కంపెనీ హెవీ డ్రైవింగ్ ఉచితంగా నేర్పించి, రెండేళ్ల బాండుపై ఉద్యోగం ఇస్తామంటే చేరాలా వద్దా అని నెల క్రితం అడిగాను. సంతకానికి ముందు బాండు కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని చదవమని చాలామంది చెప్పారు. ఆ మాటే నన్ను కాపాడింది.

మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు కింద లక్షకు పైగా కట్టాలనీ, పదో తరగతి అసలు సర్టిఫికెట్ వారి దగ్గరే ఉంచాలనీ అందులో ఉంది. రోజుకు ఎన్ని గంటలు నడపాలో మాత్రం ఎక్కడా లేదు. చట్టం ప్రకారం సాధారణ పరిమితి రోజుకు 8 గంటలు కాబట్టి, దాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను. ఇవ్వలేదు.

ఉచిత అవకాశాన్ని వదులుకున్నానని నాన్న ఇంకా బాధపడుతున్నారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండితేనే రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇస్తారు గనుక, ఆ గడువు దాటగానే దాన్ని తీసుకుని, గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్లో సొంత డబ్బుతో చేరాను. సెలవు రోజుల్లో మా మేనమామ లారీలో క్లీనరుగా 44వ జాతీయ రహదారి మీద కర్నూలు దాకా వెళ్లివస్తున్నాను. నిండు లోడుతో ఉన్న బండి ఆగడానికి ఎంత దూరం పడుతుందో పక్క సీట్లో కూర్చున్నాకే తెలిసింది.

లెర్నర్ లైసెన్సుకు 30 రోజులు నిండగానే పరీక్షకు వెళ్తాను.