నెబ్యులైజర్ పెట్టాక చేతుల వణుకు, గుండె దడ: మందు పడకపోవడమేనా?

ప్రశ్న: గోదారిగట్టు

మా అమ్మకు 62 ఏళ్లు. చాలా ఏళ్లుగా ఉబ్బసం ఉంది. మొన్న రాత్రి ఆయాసం ఎక్కువై, పిల్లికూతలు పక్క గదిలోకి వినిపిస్తుంటే రాజమండ్రిలో మా ఇంటి దగ్గరి నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్లాము. అక్కడ సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ రెండుసార్లు పెట్టారు. పావుగంటలో ఊపిరి తేలికపడింది గానీ, ఆ వెంటనే చేతులు వణకడం మొదలైంది. మంచినీళ్లు ఇస్తే స్టీలు గ్లాసు పళ్లకు టకటకా తగిలి నీళ్లన్నీ చీర మీద ఒలికాయి. వేలికి పెట్టిన ఆక్సీమీటరులో నాడి 118 చూపించింది. అప్పటి నుంచి అమ్మ "ఈ మందు నాకు పడలేదు, ఇక పెట్టించుకోను" అంటోంది. ఊపిరితిత్తుల కోసం పీల్చిన మందు చేతులమీద, గుండెమీద ఎందుకు పనిచేస్తుంది? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: ఫార్మకాలజీ పంతులు

మీ అమ్మగారి ఊపిరిని విడిపించినదీ, చేతులను వణికించినదీ ఒకే గ్రాహకమండీ, అంటే కణం మీద మందు వచ్చి అతుక్కునే చోటు. అందుకే దీనిని మందు పడకపోవడం అనలేము. మందు తన పని తాను చేసింది, కాకపోతే మనం కోరిన చోటుతో ఆగలేదు.

మనకు భయం వేసినప్పుడు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. అదే అడ్రినలిన్ ఒకచోట రక్తనాళాన్ని బిగించి, మరోచోట శ్వాసనాళాన్ని వదులు చేయడం శాస్త్రవేత్తలకు చాలాకాలం చిక్కుముడిగా ఉండేది. 1948లో అమెరికాలోని జార్జియాకు చెందిన రేమండ్ ఆల్‌క్విస్ట్, తేడా మందులో లేదని, దానిని అందుకునే గ్రాహకాలలోనే ఉందని వాదించి, వాటిని ఆల్ఫా, బీటా అని రెండుగా విడదీశాడు. తరువాత 1967లో బీటాను మళ్లీ రెండుగా విభజించారు. స్థూలంగా చెప్పాలంటే, చర్మంలోనూ ముక్కులోనూ రక్తనాళాలను బిగించేది ఆల్ఫా-1, గుండె వేగాన్నీ బలాన్నీ పెంచేది బీటా-1, శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరాన్ని సడలించేది బీటా-2.

సాల్బుటమాల్ ప్రధానంగా బీటా-2 కోసం తయారైన మందు. అది గ్రాహకానికి అతుక్కోగానే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం పెరుగుతుంది, దానితో బిగుసుకున్న శ్వాసనాళపు కండరం వదులవుతుంది. అయితే బీటా-2 గ్రాహకాలు ఊపిరితిత్తులకే పరిమితం కావు. చేతుల కండరాలలో కూడా ఉన్నాయి కాబట్టి అక్కడ వణుకు పుడుతుంది. కండరాలకు వెళ్లే రక్తనాళాలలో ఉన్నవి ఆ నాళాలను వెడల్పు చేస్తే, రక్తపోటు పడిపోకుండా చూసుకోవడానికి గుండె వేగం పెంచుతుంది. గుండెలోనూ కొన్ని బీటా-2 గ్రాహకాలు ఉండడం, మోతాదు పెరిగితే మందు బీటా-1 మీద కూడా కొంత పనిచేయడం దీనికి తోడవుతాయి.

మోతాదు తేడాను కూడా గమనించండి. ఇన్‌హేలర్‌లో ఒక పఫ్‌కు 100 మైక్రోగ్రాములు ఉంటే, నెబ్యులైజర్‌లో సాధారణంగా ఒకసారికి వేసేది 2.5 మిల్లీగ్రాములు, అంటే ఇరవై అయిదు పఫ్‌లంత. అందులో చాలా భాగం గాలిలో కలిసిపోయినా, రెండుసార్లు పెట్టినప్పుడు రక్తంలోకి చేరేది తక్కువేమీ కాదు. మింగే మాత్రలలో వణుకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే మందు ముందు రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి, ఆ తరువాతే ఊపిరితిత్తులకు చేరుతుంది.

జవాబు: క్యాజువాలిటీ నర్సు

పంతులుగారు చెప్పినది మేము రోజూ చూసేదే. నెబ్యులైజర్ మాస్కు పెట్టే ముందే నేను "అమ్మా, చేతులు కాస్త వణుకుతాయి, గుండె దడగా ఉంటుంది, కొన్ని గంటల్లో అదే తగ్గిపోతుంది" అని చెబుతాను. ముందే తెలిసిన మనిషి మాస్కు పీకేయదు. మీ అమ్మగారికి ఆ ఒక్క మాట ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగించింది.

ఈ గ్రాహకాలన్నీ ఒకేసారి మేలు చేసే సందర్భం కూడా ఒకటి ఉంది. కందిరీగలు కుట్టిన ఒక కుర్రవాడిని మా దగ్గరకు తెచ్చినప్పుడు పెదవులు ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, బీపీ పడిపోయి ఉంది. ఆ స్థితిలో మొదట ఇవ్వవలసింది తొడ బయటి వైపు కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్, పెద్దవారికి 0.5 మిల్లీగ్రాములు. ఆల్ఫా వల్ల నాళాలు బిగిసి బీపీ లేస్తుంది, వాపు తీస్తుంది, బీటా-1 గుండెకు బలమిస్తుంది, బీటా-2 ఊపిరి తెరుస్తుంది. ఆ కుర్రవాడు కళ్లు తెరిచాక మొదట అడిగింది, తన చేతులు ఎందుకు వణుకుతున్నాయనే.

గోదారిగట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు విషయాలు ముందు రాయలేదు. అమ్మ ఈ మధ్య నీలం రంగు పంపు (సాల్బుటమాల్ ఇన్‌హేలర్) రోజుకు అయిదారుసార్లు వాడుతోంది. పక్కింటి పిన్నిగారు తమకు దడ తగ్గించిన ప్రొప్రనోలాల్ మాత్రలు నాలుగు ఇచ్చారు. ఈసారి వణుకు వస్తే ఒకటి వేయవచ్చా?

ఫార్మకాలజీ పంతులు

దయచేసి వేయకండి. ఆ మాత్రలను ఈ రోజే ఇంట్లోనుంచి తీసేయండి. 1960లలో సర్ జేమ్స్ బ్లాక్ రూపొందించిన ప్రొప్రనోలాల్ ఎందరో గుండె రోగులను ఆదుకున్న గొప్ప మందు, 1988 నోబెల్‌లో ఆ కృషికి కూడా వాటా ఉంది. కానీ అది బీటా-1ను, బీటా-2ను తేడా లేకుండా మూసివేస్తుంది. దడ తగ్గించినట్టే ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలను బిగించేస్తుంది, ఆ సమయంలో సాల్బుటమాల్ పెట్టినా దానికి గ్రాహకం దొరకక సరిగా పనిచేయదు. గ్లాకోమాకు (కంటి లోపలి ఒత్తిడి పెరిగే జబ్బుకు) వాడే టిమోలాల్ కంటి చుక్కలతో కూడా ఇదే ప్రమాదం ఉంది. కంట్లో వేసిన చుక్క ఊపిరిని పట్టేస్తుందని చాలామంది ఊహించరు, అందుకే అమ్మగారు ఏవైనా కంటి చుక్కలు వాడుతుంటే సీసా మీది పేరు చూడండి.

ఇక పంపు రోజుకు అయిదారుసార్లు అన్నారే, వణుకు కంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది అది. సాల్బుటమాల్ బిగువును సడలిస్తుందే గానీ, శ్వాసనాళాల లోపలి వాపును తగ్గించదు. ఆ పని పీల్చే స్టెరాయిడ్‌ది. ఉబ్బసానికి సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే గినా 2019 నుంచి చెబుతోంది. పైగా అధిక మోతాదులో ఈ మందు రక్తంలోని పొటాషియంను కణాల లోపలికి నెడుతుంది, అది గుండె లయకు మంచిది కాదు. మాట మధ్యలో ఆగి ఆగి వస్తున్నా, ఆయాసం తగ్గకుండానే పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోయినా, అది నిమ్మళించడం కాదు, గాలి ఆడడం లేదని అర్థం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గోదారిగట్టు

చుక్కల సీసా చూశాను, కంటి తడి కోసం ఇచ్చినవే, టిమోలాల్ లేదు. మాత్రలు పిన్నిగారికి తిరిగి ఇచ్చి, కారణం కూడా చెప్పాను. రేపు ఉదయం ఛాతీ వైద్యుడిని కలుస్తున్నాము. నర్సుగారి మాటలు అమ్మకు చదివి వినిపిస్తే, "ముందే చెప్పుంటే భయపడేదాన్ని కాదు కదరా" అంది. అవసరమైతే మళ్లీ మాస్కు పెట్టించుకుంటానని ఒప్పుకుంది.