షుగర్ పడిపోతే తాగి నడిపాడంటున్నారు, వివరణ ఎలా రాయాలి?

నిశాచరుడు (తెల్లవారుజాము 4:05)
ఎవరైనా మెలకువగా ఉంటే చెప్పండి. మా అన్నయ్య మీద తాగి నడిపాడని కేసు. మనిషి చుక్క ముట్టడు. షుగర్ పడిపోయిందని ఆసుపత్రివాళ్ళే చెప్పారు. పొద్దున పదకొండింటికల్లా రాతపూర్వకంగా వివరణ ఇమ్మన్నారు. ఒంటిగంట నుంచి కూర్చుని నాలుగుసార్లు రాసి చింపేశాను. "మా అన్నయ్య అమాయకుడు" అన్న చోట పెన్ను ఆగిపోతోంది. బండి స్టేషన్లోనే ఉంది. నమూనా ఉత్తరం ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, దండం పెడతాను.

రెండుముక్కలు
లాయరును కలవండి.

నిశాచరుడు
ఈ వేళప్పుడు ఏ లాయరు లేస్తాడండీ?

కంకణం
చేతికి "నాకు షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడతాను" అని రాసున్న కడియం ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. పదేళ్ళుగా మొత్తుకుంటున్నాను. పర్సులో కార్డు పెట్టుకుంటే ఎవడు తీసి చూస్తాడు? నాడి చూసేవాడు ముందు పట్టుకునేది మణికట్టే. అందుకే కడియం. ఫోన్ తాళం తెరవకుండానే కనిపించే అత్యవసర సమాచారం కూడా అందరూ ఇవాళే నింపుకోండి. మందు పేరు, రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ళ నంబరు. మా ఇంట్లో అందరికీ నేనే నింపాను.

నిశాచరుడు
జరిగిపోయినదానికి కడియం ఎక్కడ తొడగమంటారు?

పాతలాఠీ
తమ్ముడూ, పోలీసు ఉద్యోగం చేసి దిగినవాణ్ణి. మిషన్లో ఊదించారా? ఎంత చూపించింది? నీ చేతికిచ్చిన కాగితం మీద ఏ మాట రాసుంది?

నిశాచరుడు
రెండుసార్లు ఊదించారు సార్, రెండుసార్లూ సున్నా. చెప్పాననుకున్నాను. కాగితం మీద "మత్తు పదార్థ ప్రభావంలో" అని ఉంది. రక్తం కూడా తీశారు.

పాతలాఠీ
మరి తాగి నడిపిన కేసు అంటావేంటి? మద్యం లేదని వాళ్ళ మిషనే చెప్పింది. వాళ్ళు రాసింది మాదకద్రవ్యం అనుమానం. "తాగలేదు" అని నువ్వు రెండు పేజీలు రాసినా వాళ్ళు వేయని ప్రశ్నకు జవాబవుతుంది.

వాళ్ళ వైపు నుంచి కూడా చెప్తాను, తిట్టకండి. అద్దం దించగానే చెమటతో తడిసిన మనిషి, మాట ముద్దముద్దగా, పేరడిగితే శూన్యంలోకి చూపు, చెయ్యి వేస్తే తోసేస్తాడు. రాత్రిపూట అలాంటివాణ్ణి చూస్తే మొదట తట్టేది ఒకటే. మిషన్ సున్నా చూపించాకైనా ఇది జబ్బేమో అనిపించాలి, అంబులెన్సును పిలవాలి. అక్కడే చాలామంది తప్పుతారు. నేనూ ఒకసారి తప్పాను. నేను పట్టుకున్నాయనకు మూర్ఛ వచ్చి తగ్గుతోంది, అయోమయంలో తన్నుకుంటున్నాడు. నేను తిరగబడుతున్నాడనుకున్నాను.

చక్కెరకేళి
షుగర్ వాళ్ళ నోట్లోంచి అసిటోన్ వస్తుంది, మిషన్ దాన్ని సారా అనుకుంటుంది. ఆ పాయింటు మీద కొట్టండి.

సూదిమందు
అయ్యా, సున్నా వచ్చిందని పైనే రాశాడు. పైగా మీరు చెప్పేది షుగర్ బాగా పెరిగి రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు, అసిటోన్ వాటిలో ఒకటి) చేరినప్పటి సంగతి. ఈయనకు పడిపోయింది. పోలీసులు ఎక్కువగా వాడే, ఊపిరిలోని ఆల్కహాలును రసాయన చర్యతో కొలిచే ఫ్యూయల్ సెల్ మిషన్లు అసిటోన్‌ను ఆల్కహాలుగా లెక్కపెట్టవు కూడా. "షుగర్ వచ్చింది" అని రెంటికీ ఒకే మాట వాడేస్తాం, రెండూ పూర్తిగా వేరు.

చక్కెరకేళి
వాడుకలో అందరూ షుగర్ అనే అంటారు. మీరు పంతులమ్మా?

సూదిమందు
క్యాజువాల్టీలో నర్సును. ఆ వాడుక వల్లే మగతగా ఉన్నవాడికి "షుగర్ పేషెంటు కదా, తీపి వద్దు" అంటారు. పడిపోయినవాడికి కావలసిందే తీపి. మింగగలిగితేనే నోట్లో పెట్టాలి, స్పృహ లేకపోతే పెట్టకూడదు. ఇంకో మాట, మందు వాసన వచ్చినా షుగర్ చూడాలి. తాగితే కాలేయం గ్లూకోజు తయారుచేయడం తగ్గించేస్తుంది. తాగినవాడికీ పడిపోతుంది.

నిశాచరుడు గారూ, ఆసుపత్రిలో ఎంత ఉందన్నారు? గ్లూకోజు ఎక్కించకముందు సంఖ్య కావాలి.

నిశాచరుడు
డిశ్చార్జి కాగితంలో 148 అని ఉంది అక్కా.

సూదిమందు
అది ఎక్కించాక. దాన్ని జతచేస్తే "బాగానే ఉందిగా" అంటారు. అంబులెన్సు వాళ్ళు ముట్టుకోగానే వేలు గుచ్చి చూస్తారు, వాళ్ళ షీటులో టైముతో సహా ఉంటుంది. దాని నకలు అడగండి. తీసిన రక్తం, గ్లూకోజు తరిగిపోకుండా కాపాడే ఫ్లోరైడు ఉన్న గొట్టంలో పోసుంటే అందులోనూ గ్లూకోజు చూడొచ్చు. మామూలు గొట్టంలో ఐతే రక్తకణాలే గ్లూకోజును తినేస్తాయి, గంటగంటకూ తగ్గిపోతుంది. 70 కిందకి వస్తే తక్కువ, 54 కిందకి వస్తే ప్రమాదం.

లాపాయింటు
అసలు విషయానికి వద్దాం. 1973లో ఇంగ్లండు అప్పీలు కోర్టు ఏమందంటే, ఇన్సులిన్ వల్ల షుగర్ పడిపోయి ఒళ్ళు తెలియని స్థితి వస్తే అది బయటి కారణం, కనుక నిందితుడు దాన్ని రక్షణగా చెప్పుకోవచ్చు. 1989లో అదే కోర్టు, ఇన్సులిన్ వేసుకోక షుగర్ పెరిగిపోతే అది లోపలి జబ్బు, చట్టం దృష్టిలో "పిచ్చి" కిందకే వస్తుందంది! ఒకే రోగం, సూది వేసుకుంటే ఒక పేరు, వేసుకోకపోతే ఇంకో పేరు. దీని మీద నేను రాసుకున్న నోట్సు నలభై పేజీలుంది. కావాలంటే...

రెండుముక్కలు
వద్దు.

లాపాయింటు
1973 తీర్పులోనే ఇంకో మెలిక ఉంది. ఇన్సులిన్ వేసుకుని భోజనం మానేయడం లాంటి సొంత నిర్లక్ష్యం వల్ల వచ్చిందైతే ఆ రక్షణ నిలవకపోవచ్చు. బ్రిటన్‌లో ఇన్సులిన్ కూడా చట్టం దృష్టిలో "డ్రగ్" కిందకే వస్తుంది, దాని ప్రభావంలో నడిపినా తప్పే. అందుకే ఇన్సులిన్ వాడేవాళ్ళు బయల్దేరే ముందు చూసుకోవాలి, తర్వాత రెండు గంటలకోసారి చూసుకోవాలి. పడిపోతే బండి ఆపి, తాళం తీసి, డ్రైవరు సీటు దిగాలి. మామూలుకొచ్చాక 45 నిమిషాలు ఆగాలి. మీ దగ్గర చట్టం ఎలా ఉన్నా, అడగబోయే ప్రశ్న ఒకటే: ముందే తెలుసా, తెలియదా?

పాతలాఠీ
నలభై పేజీలాయన ఈసారి పనికొచ్చే ముక్కే చెప్పాడు. తమ్ముడూ, అన్నయ్య దగ్గర షుగర్ చూసుకునే మీటరు ఉందా?

నిశాచరుడు
జేబులో ఉంది, ఇంటికొచ్చింది. కానీ తేదీ టైమూ తప్పు చూపిస్తోంది, బ్యాటరీ మార్చినప్పుడు పెట్టుకోలేదట. ఇప్పుడు సరిచేసి ఫోటో తీస్తాను.

పాతలాఠీ
ముట్టుకోకు!!! టైము మార్చావంటే నువ్వే ఏదో చేశావంటారు. మీటరు పక్కన ఫోన్ గడియారం పెట్టి రెండూ కనిపించేలా వీడియో తీయి. తేడా ఎంతో తెలుస్తుంది. ఆ తర్వాత మెమరీలో ఆఖరి రీడింగు చూడు.

నిశాచరుడు (4:58)
తీశాను. ఫోన్లో 4:50 ఉంటే మీటరులో రాత్రి 10:05. అంటే 6 గంటల 45 నిమిషాలు వెనక. ఆఖరి రీడింగు 58, మీటరు టైము మధ్యాహ్నం 2:13. అంటే అసలు టైము... రాత్రి 8:58.

దొరికింది!! 58! ఇదే రాసేస్తాను.

సూదిమందు
ఆగండి. ఆయన్ని ఆపింది ఎన్నింటికి?

నిశాచరుడు
9:40కి.

సూదిమందు
బండెక్కింది?

నిశాచరుడు (5:20)
ఇప్పుడే లేపి అడిగాను. 9:15 అంటున్నాడు. 58 చూసి రెండు గ్లూకోజు బిళ్ళలు చప్పరించాడట, కాసేపటికి బాగానే అనిపించి బయల్దేరాడట. రాత్రి తినలేదు. ఇన్సులిన్ మాత్రం ఎనిమిదింటికే వేసుకున్నాడు.

సూదిమందు
మామూలు బిళ్ళ నాలుగు గ్రాములుంటుంది, రెండంటే ఎనిమిది. పదిహేను గ్రాములు తీసుకుని పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి. మళ్ళీ చూసుకున్నాడా?

నిశాచరుడు
8:58 తర్వాత మీటరులో ఏమీ లేదు.

చక్కెరకేళి
ఐతే ఆ రీడింగు గురించి రాయకండి, ఎవరికి తెలుస్తుంది?

పాతలాఠీ
ఇలాంటి సలహాలతోనే చిన్న కేసులు పెద్దవవుతాయి. దాచొద్దు, చెరపొద్దు. అలాగని లాయరు చూడకుండా కాగితం మీదా పెట్టొద్దు. ఇవాళ్టికి మూడు ముక్కలు చాలు: ఆయనకు ఫలానా జబ్బు, ఫలానా మందు వాడతాడు, అంబులెన్సు షీటూ రక్తం రిపోర్టూ నకళ్ళు ఇప్పించండి, పూర్తి వివరణకు గడువు ఇవ్వండి. నకలు మీద అందినట్టు ముద్ర, టైము వేయించుకో. "అమాయకుడు" అన్న మాట కొట్టేయి.

రెండుముక్కలు
లాయరును కలవండి. మిగతాది ఇక్కడ రాయకండి.

నిశాచరుడు
సరే. అన్నయ్య మళ్ళీ పడుకున్నాడు. థాంక్స్ అందరికీ.

కంకణం
కడియం మీద ఇన్సులిన్ పేరు చెక్కించాలా, "ఇన్సులిన్" అంటే చాలా? ఎవరైనా చెప్పగలరా?