3 అంగుళాల బాడీ లిఫ్ట్, సైడ్ స్టెప్పులు: ఏది ముందు?

ప్రశ్న: నా 2004 షెవర్లే సిల్వరాడో పికప్‌కి బాడీ లిఫ్ట్ (బాడీని ఫ్రేమ్ మీద పైకి ఎత్తేది), సైడ్ స్టెప్పులు (ఎక్కడానికి పక్కన మెట్లు), రెండు కిట్లూ వచ్చాయి. శనివారం ఇంట్లోనే బిగిద్దామని. ఏది ముందు?

జవాబు 1: లిఫ్టే ముందు బ్రో. బాడీని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బాడీ మౌంట్ బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టండి. ఒక పక్కవి తీసేశాక రెండో పక్కవి వదులుగా ఉంచాలి, లేదంటే జాకీ ఎత్తగానే కేబిన్ మెలితిరుగుతుంది. జాకీ మీద మందపాటి చెక్క తప్పనిసరి. కేబిన్ ఎత్తకముందే స్టీరింగ్ షాఫ్ట్ విడదీసి, స్టీరింగ్ తిరగకుండా సీటు బెల్టుతో కట్టేయండి. అది గిర్రున తిరిగిందా, లోపల క్లాక్‌స్ప్రింగ్ (ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు అందించే చుట్ట తీగ) తెగి ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది.

జవాబు 2: అసలు తంటా ఫ్యాన్ దగ్గర. రేడియేటర్ కేబిన్‌తో పైకి పోతుంది, ఫ్యాన్ ఇంజిన్‌తో కిందే ఉంటుంది. ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ రేడియేటర్‌కి ఉండే తొడుగు) దించకుండా స్టార్ట్ చేస్తే రెక్కలు దాన్ని కొరికేస్తాయి. ఎత్తేటప్పుడు ఎర్త్ తీగలు, పెట్రోలు పోసే గొట్టం బిగుసుకుంటున్నాయేమో చూస్తూ ఉండండి.

స్టెప్పులు కేబిన్‌కి బిగేవా, ఫ్రేమ్‌కా?

ప్రశ్న అడిగినవారు: ఫ్రేమ్‌కే.

జవాబు 2: అయితే అవి కిందే ఉంటాయి, ఎక్కడం సులువు. కేబిన్‌కీ స్టెప్పులకీ మధ్య సందు మాత్రం 3 అంగుళాలు పెరిగి కనిపిస్తుంది. స్టెప్పుల బ్రాకెట్లన్నీ వదులుగా పెట్టి, బార్ సరిచూశాకే బిగించండి.