రెడ్‌బుల్ దాటింది 1.6 శాతమా, 0.37 శాతమా? ఆండ్రెటీకి తలుపు ఎందుకు తెరవలేదు?

ట్రాక్‌లిమిట్స్:
ఫార్ములా వన్ కారు రేసుల్లో జట్లు ఏడాదికి ఇంతకు మించి ఖర్చు చేయకూడదన్న పరిమితి ఉంది కదా, 2021లో దానిమీద వచ్చిన గొడవలో రెండు అంకెలు కనిపిస్తున్నాయి. కొన్నిచోట్ల రెడ్‌బుల్ 1.6 శాతం దాటిందని, కొన్నిచోట్ల 0.37 అని రాస్తున్నారు. ఏది నిజం? దాటిన మాట నిజమైతే పాయింట్లు ఎందుకు కోయలేదు? ఇంకో సందేహం: రేసుల నియమాలు చూసే సంస్థ ఎఫ్‌ఐఏ ఒప్పుకున్నాక కూడా, కొత్త జట్టుతో రావాలనుకున్న అమెరికన్ ఆండ్రెటీ బయటే ఎలా ఉండిపోయాడు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పద్దుపుస్తకం:
రెండూ నిజమేనండీ. పౌండ్లలో చూడండి, వెంటనే తేలిపోతుంది.

ఆ ఏడాది వాళ్లకు వర్తించిన పరిమితి 11,80,36,000. వాళ్లు చూపిన ఖర్చు 11,42,93,000. అంటే ఇంకా 37 లక్షలు చేతిలో ఉన్నాయన్న లెక్కతోనే కాగితాలు ఇచ్చారు. ఎఫ్‌ఐఏ వాటిని తిరగేసి మరో 56,07,000 కలిపింది. మొత్తం 11,99,00,000 అయింది. దాటింది 18,64,000, అదే 1.6 శాతం. అయితే ఒక పన్ను రాయితీని సరిగ్గా చూపించి ఉంటే 14,31,348 తగ్గేదని ఎఫ్‌ఐఏయే రాసింది. అది తీసేస్తే మిగిలేది 4,32,652. అదే 0.37 శాతం.

ఆ 56 లక్షలు ఎక్కడివన్నదే అసలు పాఠం. సిబ్బంది భోజనాలు, యజమాని కట్టాల్సిన సామాజిక భద్రత చందా, అప్రెంటిస్ లెవీ (శిక్షణార్థుల కోసం కంపెనీలు కట్టే పన్ను), వాడిన, వాడని విడిభాగాల నిల్వ, ప్రయాణాలు. ఇంజిన్లు చూసే సోదర కంపెనీ రెడ్‌బుల్ పవర్‌ట్రెయిన్స్ నుంచి వచ్చిన బిల్లుల లెక్కలో ఒక రాతపొరపాటు కూడా ఉంది. ఫ్రంట్ వింగ్‌కి ఎంతయిందన్న దానిమీద తగాదా రాదు. డ్రైవర్ల జీతాలు, అత్యధిక జీతం తీసుకునే ముగ్గురి జీతాలు, మార్కెటింగ్ పరిమితికి బయట అన్నదీ స్పష్టమే. ఒకే మనిషి కొంతకాలం రేస్ కారు మీద, కొంతకాలం కంపెనీ వేరే ప్రాజెక్టు మీద పనిచేస్తే అతని జీతంలో ఎంత లోపల, ఎంత బయట అన్నచోటే జట్లు బోల్తాపడతాయి.

విండ్‌టన్నెల్63:
పాయింట్ల సంగతి నేను చెబుతాను. 5 శాతం లోపు దాటితే చిన్న ఉల్లంఘన, 5 లేదా అంతకు మించితే పెద్దది. పెద్దదైతే కన్‌స్ట్రక్టర్స్ (జట్ల టైటిల్) పాయింట్లు కోసి తీరాలి. చిన్నదైతే జట్టు తప్పు ఒప్పుకుని ఒప్పందం మీద సంతకం పెట్టొచ్చు. ఆ దారిలో పాయింట్లు కోసే అధికారం, తర్వాతి ఏళ్ల పరిమితి తగ్గించే అధికారం ఎఫ్‌ఐఏకి ఉండవు, జట్టుకేమో అప్పీలు ఉండదు. రెడ్‌బుల్ ఆ దారే పట్టింది. 70 లక్షల డాలర్ల జరిమానా, 12 నెలలపాటు ఏరో టెస్టింగ్‌లో, అంటే కారు మీద గాలి ప్రభావం చూసే పరీక్షల్లో, 10 శాతం కోత.

కోత అంటే ఎంతో చూడండి. 100 శాతం అంటే ఒక టెస్టింగ్ వ్యవధికి 320 విండ్ టన్నెల్ (గాలి సొరంగం) రన్‌లు. మొదటి స్థానంలో ఉన్న జట్టుకు దక్కేది 70 శాతమే, అంటే 224. ఇందులో పదోవంతు పోతే 63 శాతం, సుమారు 202. వ్యవధికి 22 రన్‌లు పోయాయన్నమాట. అయినా 2023లో 22 రేసుల్లో 21 వాళ్లే గెలిచారు.

నన్ను అడిగితే అసలు లోపం శిక్ష సైజులో కాదు, తేదీలో ఉంది. టైటిల్ 2021 డిసెంబర్‌లో తేలింది. లెక్కలు అప్పగించే గడువు 2022 మార్చి 31. తీర్పు వచ్చింది 2022 అక్టోబర్ 28న. అప్పటికి మరో సీజన్ టైటిల్ కూడా తేలిపోయింది.

గ్రిడ్‌స్లాట్:
ఆండ్రెటీ విషయంలో రెండు తాళాలున్నాయి. ఎంట్రీ ఇచ్చేది ఎఫ్‌ఐఏ. వాణిజ్య హక్కులు, ప్రైజ్ మనీ ఫార్ములా వన్ మేనేజ్‌మెంట్ చేతిలో. 2023 అక్టోబర్ 2న మొదటి తాళం తెరుచుకుంది. 2024 జనవరి 31న రెండోవాళ్లు కుదరదన్నారు: జట్టు పోటీ ఇవ్వలేదని, అద్దె ఇంజిన్ మీద ఆధారపడితే సమస్యని. ఆండ్రెటీ భాగస్వామి జనరల్ మోటార్స్ సొంత ఇంజిన్‌తో 2028లో వస్తే మళ్లీ చూస్తామన్నారు.

జట్ల అసలు బాధ ఆదాయ వాటా. 10 మంది పంచుకునేది 11 మందికి పంచాలి. ఆ నష్టానికి పరిహారంగా కొత్త జట్టు 20 కోట్ల డాలర్లు కట్టాలని జట్లతో కుదిరిన 2020 ఒప్పందంలో రాశారు, అంటే ఉన్న ఒక్కో జట్టుకు 2 కోట్లు. అదే ఏడాది ఆగస్టులో విలియమ్స్ జట్టు మొత్తం 15.2 కోట్ల యూరోలకు చేతులు మారింది. ఆ ధరల్లో 20 కోట్లు పెద్ద మొత్తమే. ఆ తర్వాత ఖర్చుకు పైకప్పు వచ్చింది, నష్టాల భయం తగ్గింది, పోటీలో ఉండే స్లాట్‌కే విలువ పుట్టింది. 2023 జూన్‌లో ఆల్పీన్‌లో 24 శాతం వాటా ఒక్కటే 20 కోట్ల యూరోలు పలికింది. దాంతో పాత రుసుము చాలదని జట్లు పట్టుబట్టాయి. ఆండ్రెటీ పక్కకు తప్పుకున్నాక జనరల్ మోటార్స్ ముందుకొచ్చి క్యాడిలాక్ పేరుతో 2025 మార్చిలో తుది అనుమతి తెచ్చుకుంది. పత్రికల్లో వచ్చిన రుసుము 45 కోట్ల డాలర్లు.

ట్రాక్‌లిమిట్స్:
చాలా బాగా చెప్పారు. మరి 2010లో కొత్త జట్లు అంత సులువుగా ఎలా వచ్చాయి?

గ్రిడ్‌స్లాట్:
అప్పుడు వాళ్లకు చూపించిన ఆశే బడ్జెట్ పరిమితి. అప్పటి ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లీ 2009లో, 2010 సీజన్‌కి 4 కోట్ల పౌండ్ల పరిమితి ప్రకటించాడు. ఒప్పుకున్నవాళ్లకు సాంకేతిక నియమాల్లో సడలింపులు, ఒప్పుకోనివాళ్లకు పాత కట్టుబాట్లే. పెద్ద జట్లు దీన్ని రెండు పంక్తుల భోజనంలా చూశాయి. ఫెరారీ పారిస్ కోర్టుకెళ్లి ఓడింది. జూన్‌లో 8 జట్లు వేరే సిరీస్ పెట్టుకుంటామన్నాయి. జూన్ 24న రాజీ కుదిరి పరిమితి ఎగిరిపోయింది. కానీ క్యాంపోస్, మేనర్, యూఎస్‌ఎఫ్1 ఎంట్రీలు జూన్ 12నే ఖరారయ్యాయి. చిన్న బడ్జెట్‌కి వేసుకున్న ప్రణాళికతో అపరిమిత ఖర్చు మధ్య దిగాల్సి వచ్చింది. యూఎస్‌ఎఫ్1 ఒక్క రేసూ ఆడలేదు. హెచ్‌ఆర్‌టీగా మారిన క్యాంపోస్ 2012తో ఆగింది. సెప్టెంబర్‌లో చేరిన లోటస్ కాటర్‌హామ్ పేరుతో 2014 దాకా, మేనర్ 2016 సీజన్ దాకా నెట్టుకొచ్చాయి.

పద్దుపుస్తకం:
ఒక్క జాగ్రత్త. 2026 పరిమితి 21.5 కోట్ల డాలర్లని చూసి, పాత 13.5 కోట్లతో పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఇదివరకు బయట ఉన్న కొన్ని పద్దులు ఇప్పుడు లోపలికొచ్చాయి. ఇంజిన్ తయారీదారులకు 13 కోట్ల పరిమితి వేరే ఉంది.