కోడ్‌లో ఇరుక్కుపోతే ఎంతసేపటికి సీనియర్‌ని అడగాలి?

ప్రశ్న (8 నెలల అనుభవం)
పోయిన వారం ఒక బగ్ దగ్గర రెండు రోజులు ఇరుక్కుపోయాను. ఎవరినీ అడగలేదు. చివరికి మా సీనియర్ చూసి నాలుగు నిమిషాల్లో తేల్చారు. కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైల్‌లో పాత డేటాబేస్ పేరు అలాగే ఉండిపోయింది. "నిన్ననే అడగాల్సింది కదా" అన్నారు. అదే టీమ్‌లో ఇంకొకాయన "ప్రతిదానికీ అడిగితే నీకెప్పటికీ రాదు" అంటారు. ఇద్దరూ నా మంచి కోరేవాళ్లే. అడిగితే చేతకాదనుకుంటారేమోనని టెన్షన్. అడగకపోతే పని ఆగిపోతోంది. మీరైతే ఏం చేస్తారు?

జవాబు 1 (12 ఏళ్లు, బ్యాకెండ్)
నేను రెండో ఆయన మాటే నిజమంటాను. ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవకుండానే స్క్రీన్‌షాట్ పంపేవాళ్లను చాలామందిని చూశాను. స్టాక్ ట్రేస్‌లో (ఎర్రర్ ఏయే ఫంక్షన్ల మీదుగా వచ్చిందో చూపే జాబితాలో) మన కోడ్ ఎక్కడ మొదలైందో వెతకడం, లాగ్ చూడటం, గిట్ బైసెక్ట్ (దోషం ఏ మార్పుతో వచ్చిందో వెతికిపెట్టే కమాండ్) నడపడం, ఇవి ఒంటరిగా తంటాలు పడితేనే అలవాటవుతాయి. మొదట బాగానే ఉండి మధ్యలో ఎక్కడో పాడైన కోడ్‌లో 1000 కమిట్‌లు (సేవ్ చేసిన మార్పులు) ఉన్నా, సగం సగం చేసుకుంటూ పోతే దాదాపు 10 పరీక్షల్లో దోషం తెచ్చిన కమిట్ దొరుకుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఒక రాత్రంతా కూర్చుని నేర్చుకున్నాను. ఆ తర్వాత పెద్ద కోడ్‌బేస్ అంటే భయం పోయింది.

జవాబు 2 (టీమ్ లీడ్)
పై వారితో నేను ఏకీభవించలేను. మీకు ఆ రాత్రి కలిసొచ్చింది. ఎంతోమందికి అలాంటి రాత్రుల్లో "ఈ పని నావల్ల కాదు" అన్న నమ్మకమే బలపడుతుంది. అలా మౌనంగా నలిగిపోయి ఉద్యోగం వదిలేసిన కుర్రవాడు మా టీమ్‌లోనే ఉండేవాడు. అతను ఇరుక్కున్న సంగతి మాకు అతను వెళ్లిపోయాకే తెలిసింది. ఇప్పటికీ ఆ బాధ నాలో ఉంది.

అందుకే మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. అరగంటలో ఒక్క కొత్త సంగతి కూడా తెలియకపోతే అడగాలి. గడియారం కన్నా "కొత్త సంగతి" ముఖ్యం. మూడు గంటలైనా ఒక్కో అనుమానం తొలగిపోతూ ఉంటే వెతకనివ్వండి. ఒకే పనిని ఐదోసారి రన్ చేస్తున్నారంటే మాత్రం ఆగాల్సిందే.

అడిగే ముందు నాలుగు వాక్యాలు రాయమంటాం: ఏం జరగాలి, ఏం జరుగుతోంది, ఏమేం ప్రయత్నించాను, నా అనుమానం ఎక్కడ. చాలాసార్లు మూడో వాక్యం రాస్తుండగానే తప్పు కనబడుతుంది. బల్ల మీద రబ్బరు బాతును పెట్టుకుని దానికి కోడ్ వివరించమనే పాత సలహా ఇందుకే పుట్టింది. పైగా ఇలా రాసి అడిగినవారిని ఎవరూ చేతకానివారనుకోరు.

జవాబు 1 (మళ్లీ)
"కొత్త సంగతి" కొలత బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ జవాబు దొరికాక సీనియర్ కీబోర్డ్ తీసుకోకూడదు. కోడ్ దిద్దాల్సింది అడిగినవారే. దీని మీద మాత్రం నేను వెనక్కి తగ్గను.

జవాబు 3 (ఆపరేషన్స్)
ప్రొడక్షన్, అంటే వినియోగదారులు వాడుతున్న అసలు సిస్టమ్ దగ్గరకొస్తే అరగంట కూడా ఎక్కువే. 2017 జనవరి 31న, కోడ్ దాచుకుని పంచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లోనే డేటా డైరెక్టరీని తుడిచేశారు. క్షణాల్లో గుర్తించి ఆపినా దాదాపు 300 జీబీ పోయింది. సుమారు 6 గంటల్లో చేరిన డేటా తిరిగి రాలేదు. వాళ్లు దాచలేదు. రికవరీ పనిని లైవ్‌లో చూపించారు, బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదో వివరంగా రాసి ప్రచురించారు. తప్పు చేసినవారిని వేలెత్తి చూపని చోటే జూనియర్లు "నేను పొరపాటు చేశాను" అని మొదటి నిమిషంలోనే చెప్పగలుగుతారు. కాబట్టి ఈ ప్రశ్నలో సగం బాధ్యత సీనియర్లది.

జవాబు 4 (ఫ్రంటెండ్, 6 ఏళ్లు)
ఆ టెన్షన్ గురించి ఒక మాట. పైకి ఎంతో సాధించినా "నాకు నిజంగా రాదు, ఎప్పుడో బయటపడుతుంది" అని లోలోపల నలిగిపోయే స్థితి గురించి పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వవేత్తలు 1978లోనే రాశారు. నాకు అది తెలిసినా భయం పోలేదు. నిజంగా ఉపయోగపడింది ఒక నోట్స్ ఫైల్. ఇరుక్కున్న ప్రతిసారీ తేదీ, లక్షణం, అసలు కారణం మూడు లైన్లలో రాస్తాను. ఏడాది తర్వాత తిరగేస్తే, అప్పట్లో రోజంతా పట్టినవి ఇప్పుడు చూడగానే తెలిసిపోతున్నాయి. ఎవరైనా మెచ్చుకుంటే నమ్మబుద్ధి కాదు కానీ, నా చేత్తో రాసుకున్నది కాదనలేను కదా.

ప్రశ్న అడిగినవారు
అందరికీ ధన్యవాదాలండీ. ఈరోజు ఒక టెస్ట్ ఫెయిలైతే ఆ నాలుగు వాక్యాలు రాశాను. నాకైతే తప్పు కనబడలేదు, అడిగాను. మా సీనియర్ కూడా గంటసేపు వెతికారు, టైమ్‌జోన్ సమస్య. దిద్దింది నేనే. నోట్స్ ఫైల్‌లో మొదటి మూడు లైన్లు అవే.