అప్‌డేట్: ఏసీ వెనక పావురాల గూడు, చివరికి ఏమైందంటే

పోయిన నెల అడిగాను కదా, పటమటలో మా మూడో ఫ్లోర్ బాల్కనీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక పావురాలు గూడు పెట్టి రెండు గుడ్లు కూడా పెట్టాయి, చంపకుండా ఎలా పంపాలి అని. చాలామంది వెంటనే నెట్ కొట్టించెయ్ అన్నారు, కానీ ఒకాయన గుడ్లుంటే ఆగండి, పద్దెనిమిది రోజుల్లో పొదుగుతాయి, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల పడుతుంది అన్నారు, అదే విన్నా. మా అత్తయ్యగారైతే ఇంట్లో గూడు పెడితే తీయకూడదని ముందే ఆర్డర్ వేసేశారులెండి.

ఆ నెలన్నర నరకమే, బట్టలన్నీ లోపలే ఆరేసుకున్నాం, ఏసీ ఆన్ చేయలేదు, అదీ విజయవాడ ఎండల్లో! మొన్న ఆదివారం రెండో పిల్ల కూడా ఎగిరిపోయింది. గూడు తీసేముందు మాస్క్ పెట్టుకుని రెట్టలన్నీ నీళ్ళతో బాగా తడిపి తీశాం, ఎండిపోయింది ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. తర్వాత రోజే నెట్, యూనిట్ వెనక సందు కూడా వదల్లేదు. పావురాలు వాలకుండా పూసే జిగురు జెల్ మాత్రం వద్దనుకున్నా, పిచ్చుకలు అంటుకుంటే పాపం.

పిచ్చుకలంటే గుర్తొచ్చింది, మనం వరి కుచ్చులు కట్టి మరీ పిలుస్తామా, అమెరికాలో మా తమ్ముడు అవి బయట్నుంచి వచ్చిన పక్షులని, అక్కడి పిట్టల గూళ్ళు లాక్కుంటాయని తిడతాడు.

ఆ పావురాల జంట ఇప్పుడు ఎదురింటి సన్‌షేడ్ మీదుంది. వాళ్ళకింకా చెప్పలేదు.