ఇంటర్నేషనల్ స్టడీస్ మేజర్‌కి తోడుగా ఏ మైనర్ మంచిది? అమ్మాయి హెచ్-4 (తల్లిదండ్రుల వర్క్ వీసా మీద ఆధారపడిన వీసా)లో ఉంది

ఫ్రిస్కో_అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి డాలస్ దగ్గర ఒక పబ్లిక్ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టడీస్ చదువుతోంది. మొదటి ఏడాది అయింది, ఆగస్టు నుంచి సోఫమోర్ (రెండో ఏడాది). మైనర్ (ప్రధాన సబ్జెక్ట్ అయిన మేజర్‌కి తోడుగా చదివే చిన్న సబ్జెక్ట్) ఏదో తేల్చుకోమని అడ్వైజర్ చెప్పారు. తను ఫ్రెంచ్ అంటోంది, వాళ్ల నాన్నగారు బిజినెస్ అంటున్నారు, చుట్టాలంతా డేటా సైన్స్ అంటున్నారు. హైస్కూల్లో నాలుగేళ్లు స్పానిష్ చదివింది. లెక్కలంటే భయం లేదు, అలాగని ఇష్టమూ లేదు. శరణార్థులకు సాయం చేసే సంస్థల్లోనో, అభివృద్ధి రంగంలోనో పనిచేయాలని ఉంది. ఇంకో ఏడాదిన్నరలో 21 నిండుతాయి, అప్పటికి గ్రీన్‌కార్డ్ వచ్చే ఆశ లేదు. ఏది తీసుకోమంటారు?

క్రెడిట్_లెక్క:
అమ్మా, ఏ సబ్జెక్ట్ అన్నది తర్వాత చూద్దాం, ముందు ఎన్ని క్రెడిట్లకు చోటుందో చూడండి. డిగ్రీకి మొత్తం 120 క్రెడిట్లు. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీ ఏదైనా కోర్ (అందరూ చదవాల్సిన సామాన్య కోర్సులు) 42. మేజర్ సుమారు 36 అనుకుందాం, మైనర్ సాధారణంగా 18, అంటే ఆరు కోర్సులు. అన్నీ కలిపితే 96. మిగిలిన 24 క్రెడిట్లలోనే ప్రీరిక్విజిట్లు (ముందుగా పూర్తి చేయాల్సిన కోర్సులు), విదేశీ సెమిస్టర్, అన్నీ సర్దుకోవాలి.

చాలామంది దెబ్బతినేది డబుల్ కౌంటింగ్ దగ్గర. ఇంటర్నేషనల్ ట్రేడ్ లాంటి కోర్సు మేజర్‌కీ పనికొస్తుంది, మైనర్‌కీ పనికొస్తుంది. కానీ రెండు వైపులా లెక్కలోకి వచ్చే కోర్సులకు పరిమితి ఉంటుంది, చాలా చోట్ల ఒకటో రెండో. ఆ సంగతి ఆఖరి సెమిస్టర్‌లో బయటపడితే ఇంకో కోర్సు కోసం డిగ్రీయే వెనక్కి పోతుంది. అందుకే మైనర్ డిక్లేర్ చేయకముందే డిగ్రీ ఆడిట్ సైట్‌లో (డిగ్రీకి ఏం పూర్తయిందో, ఏం మిగిలిందో చూపే యూనివర్సిటీ సైట్) 'వాట్ ఇఫ్' రిపోర్ట్ తీయమనండి. తను అనుకుంటున్న ప్రతి మైనర్‌కీ ఒకటి తీసి పక్కపక్కన పెట్టుకుంటే ఎన్ని కోర్సులు అదనంగా పడతాయో తెలిసిపోతుంది.

ఆ రిపోర్ట్ చెప్పనివి కొన్ని ఉంటాయి, కేటలాగ్‌లో చదవాలి: మైనర్‌లో ఎన్ని క్రెడిట్లు అప్పర్ డివిజన్ (పై స్థాయి కోర్సులు) అయి ఉండాలి, ఎన్ని ఆ యూనివర్సిటీలోనే చేయాలి, 'సి' కన్నా తక్కువ వస్తే ఏమవుతుంది, పాస్/ఫెయిల్ కింద తీసుకున్న కోర్సు చెల్లుతుందా. విదేశీ సెమిస్టర్ కోర్సులు చాలాసార్లు ఇక్కడే ఆగిపోతాయి.

టెక్సాస్‌కే చెందినవి ఇంకో రెండు. రెసిడెంట్ ఫీజు కడుతున్న విద్యార్థి డిగ్రీకి కావలసినదాని మీద 30 క్రెడిట్లు దాటితే, దాటిన వాటికి ఎక్కువ ఫీజు వేసే అధికారం యూనివర్సిటీకి ఉంది. హైస్కూల్లో పరీక్ష రాసి తెచ్చుకున్న ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్రెడిట్లు ఆ లెక్కలోకి రావు. రెండోది, డిగ్రీ మొత్తంలో ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయడానికి లేదు. నచ్చితే ఉంచుకుందాం, లేకపోతే వదిలేద్దాం అని మైనర్లు మారుస్తూ పోతే ఈ రెండూ మెడకు చుట్టుకుంటాయి.

ఐ20_చూడండి:
మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి వాక్యం. హెచ్-4 21 ఏళ్ల వరకే కాబట్టి, 21 నిండేలోగా ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మార్చుకోవాలి. ఆ తర్వాత డిగ్రీ అయ్యాక ఓపీటీ (చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్) డిగ్రీ అయితేనే ఇంకో 24 నెలలు. మైనర్ స్టెమ్ అయినంత మాత్రాన ఆ 24 నెలలు రావు. డేటా సైన్స్ మైనర్ చేస్తే మూడేళ్లు ఉండొచ్చని చుట్టాలు అనుకుంటూ ఉంటే, అది నిజం కాదు. చూసేది మేజర్‌కి ఉన్న సీఐపీ కోడ్‌నే (ప్రభుత్వం ప్రతి చదువుకీ ఇచ్చే నంబర్). ఇంటర్నేషనల్ రిలేషన్స్ కోడ్ 45.0901, అది స్టెమ్ జాబితాలో లేదు.

రెండో మేజర్ అయితే పరిగణిస్తారు. మామూలు ఎకనామిక్స్ కోడ్ 45.0601, స్టెమ్ కాదు. ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ 45.0603, స్టెమ్. ఒకే పేరున్న డిగ్రీకి ఒక యూనివర్సిటీ మొదటి కోడ్ ఇస్తే ఇంకో యూనివర్సిటీ రెండోది ఇస్తుంది. కాబట్టి పేరు చూసి నమ్మకండి, ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో డీఎస్‌వో (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి)ని కోడ్ అడగండి. తర్వాత ఐ-20 (ఎఫ్-1 కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఆ రెండో మేజర్ ఎక్కిందో లేదో చూసుకోండి.

శరణార్థుల సంస్థల విషయంలో ఇంకో చిక్కుంది. స్టెమ్ పొడిగింపులో యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగి పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి, జీతం ఇవ్వాలి, పని ఆ స్టెమ్ చదువుకి నేరుగా సంబంధించినదై ఉండాలి. చిన్న స్వచ్ఛంద సంస్థలన్నీ ఇందులోకి రావు. లాభాపేక్ష లేని సంస్థ అయినంత మాత్రాన హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాటరీ నుంచి మినహాయింపు కూడా రాదు. యూనివర్సిటీకి అనుబంధమైనవీ, పరిశోధన సంస్థలూ అయితేనే ఆ అవకాశం. ఇక బోరెన్ స్కాలర్‌షిప్ (విదేశాల్లో భాష చదవడానికి ప్రభుత్వం ఇచ్చేది), ఫారిన్ సర్వీస్ (దౌత్య ఉద్యోగాల) పరీక్ష అమెరికా పౌరులకే. వాటిని మనసులో పెట్టుకుని మైనర్ ఎంచుకోవద్దు.

సప్లై_డిమాండ్:
పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తాను. నా ఓటు ఎకనామిక్స్‌కి. ఇంటర్నేషనల్ స్టడీస్ మేజర్‌లో చదవడం, రాయడం బాగా నేర్పుతారు. అంకెలున్న పట్టిక ముందు పెడితే దాని నుంచి ఏం తేల్చవచ్చో, ఏం తేల్చకూడదో చెప్పే పని తక్కువ. అభివృద్ధి సంస్థల్లో ప్రాజెక్ట్ ఫలితాలను కొలిచే ఉద్యోగాలకు కావలసింది అదే. బిజినెస్ మైనర్‌లో అకౌంటింగ్ ఒకటి, మార్కెటింగ్ ఒకటి, మేనేజ్‌మెంట్ ఒకటి రుచి చూపిస్తారు, ఏదీ లోతుకి పోదు.

టెక్సాస్‌లో ఎకనామిక్స్ 2301 మాక్రో, 2302 మైక్రో. ఇవి రాష్ట్రం పెట్టిన ఉమ్మడి కోర్సు నంబర్లు కాబట్టి వేసవిలో కాలిన్ కాలేజీలో తక్కువ ఖర్చుతో చేసి బదిలీ చేసుకోవచ్చు. ఒకటి కోర్‌లో సోషల్ సైన్స్ కింద కూడా సర్దుకుంటుంది. తర్వాత ఇంటర్మీడియట్ మైక్రో, దానికి చాలా చోట్ల కాల్క్యులస్ కావాలి. కోర్ మ్యాథ్ కోసం కాలేజ్ ఆల్జీబ్రా తీసుకుంటే ఇక్కడ ఇరుక్కుంటుంది, ఆ మూడు క్రెడిట్లకు కాల్క్యులసే తీసుకోమనండి. బిజినెస్ కాల్క్యులస్ సరిపోతుందా అన్నది డిపార్ట్‌మెంట్‌ని ముందే అడగాలి. స్టాటిస్టిక్స్ సోఫమోర్‌లోనే పూర్తి చేస్తే జూనియర్‌లో (మూడో ఏడాది) ఎకనామెట్రిక్స్‌కి (ఆర్థిక విషయాలకు గణాంక పద్ధతులు వాడే సబ్జెక్ట్) దారి తెరుచుకుంటుంది. ఆరో కోర్సుగా డెవలప్‌మెంట్ ఎకనామిక్స్. ఈ వరుసలో పోతే, రెండో మేజర్‌కి మారాలనిపించినా ఒక్క కోర్సూ వృథా కాదు. లెక్కలంటే ఇష్టం లేదన్నారు. ఇక్కడ కావలసింది ఇష్టం కన్నా వారానికి ఐదారు గంటల సాధన.

నాలుగు_భాషలు:
ఫ్రెంచ్‌ని కొట్టిపారేయకండి. ఐక్యరాజ్యసమితి సెక్రటేరియట్ వ్యవహార భాషలు రెండే, ఇంగ్లిష్, ఫ్రెంచ్. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో క్షేత్రస్థాయి పనికి ఫ్రెంచ్ లేకుండా కుదరదు. అయినా ఈ అమ్మాయికి స్పానిషే చెబుతాను. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ లెక్కల్లో స్పానిష్‌కి సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు, అరబిక్‌కి 2200. మూడు క్రెడిట్ల కోర్సుకి సెమిస్టర్‌లో దాదాపు 45 గంటలే. ఆరు కోర్సులంటే 270. సున్నా నుంచి మొదలుపెట్టిన భాష మైనర్‌తో పని చేసే స్థాయికి రాదు. నాలుగేళ్ల పునాది ఉన్నది వస్తుంది.

ప్లేస్‌మెంట్ పరీక్ష (స్పానిష్‌లో ఏ స్థాయి నుంచి మొదలుపెట్టాలో తేల్చేది) ఈ వేసవిలోనే రాయమనండి, ఆలస్యమైన కొద్దీ మరిచిపోతుంది. పై స్థాయిలో పడితే మొదటి నాలుగు సెమిస్టర్ల కోర్సులు తప్పుతాయి. స్పానిష్ మైనర్‌లో పై కోర్సులు సాహిత్యం వైపు ఎక్కువగా ఉంటాయి, కాబట్టి అనువాదం, సంభాషణ, వైద్యరంగ స్పానిష్ లాంటివి దొరికితే వాటికే మొగ్గు. డాలస్‌లో శరణార్థుల సంస్థల్లో వాలంటీర్‌గా చేరితే తరగతిలో దొరకని గంటలు అక్కడ దొరుకుతాయి.

ఫ్రిస్కో_అమ్మ:
అందరికీ ధన్యవాదాలండీ. స్టెమ్ సంగతి అసలు తెలియదు. ఎకనామిక్స్, స్పానిష్ రెండూ మైనర్లుగా పెట్టవచ్చా?

క్రెడిట్_లెక్క:
ప్లేస్‌మెంట్ ఫలితం వచ్చేదాకా ఆగండి. స్పానిష్‌లో ఇంకా 12 క్రెడిట్లే మిగిలితే రెండూ ఇముడుతాయి. 18 పడితే ఎకనామిక్స్ మైనర్‌గా ఉంచి, స్పానిష్ రెండు పై కోర్సులు ఎలెక్టివ్‌గా తీసుకోమనండి. చాలా చోట్ల మైనర్ పట్టా మీద పడదు, ట్రాన్స్‌క్రిప్ట్‌లోనే కనిపిస్తుంది. భాష ఎంత వచ్చో రెజ్యూమేలో ఎలాగూ రాసుకుంటుంది, ఇంటర్వ్యూలో మాట్లాడించి చూస్తారు. ఈ ఫాల్‌కి కాల్క్యులస్, మాక్రో రిజిస్టర్ చేసేయమనండి, ఏ దారిలో వెళ్లినా ఆ రెండూ పనికొస్తాయి. రెండో మేజర్ కోడ్ గురించి డీఎస్‌వో అపాయింట్‌మెంట్ ఆగస్టులోపే తీసుకోండి.